మైనస్ ఆర్ ఎక్కడ పెట్టాను

లైటు తీసేసి పడుకున్నదాన్ని, మళ్ళీ లేచొచ్చి ఇది టైప్ చేస్తున్నా. కారణం ఒక్క మాట. వీడియోల్ని మార్చడానికి నేను రాసి ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కి పొద్దున వచ్చిన బగ్ రిపోర్టులో ఉన్న "మళ్ళీ" అన్న మాట.

రిపోర్టు మొత్తం ఇంతే: "మళ్ళీ అదే ప్రాబ్లం. సౌండు కలవట్లేదు. చూడండి."

ఏ ఫైలో లేదు, ఏ వర్షనో లేదు, ఏ సెట్టింగుతో చేశారో లేదు. రిపోర్టు పేజీలో నేను అయిదు ప్రశ్నలు పెట్టి, కింద "లాగ్ అతికించండి" (ప్రోగ్రాం ఏం చేసిందో రాసుకునే చిట్టా) అని కూడా రాసిపెట్టా, ఈ మనుషులు వాటిని శ్రద్ధగా ఒక్కొక్కటీ చెరిపేసి మరీ తమది రాస్తారు. పోయిన నెల ఒకరు టైటిల్లో "హలో" అని పెట్టి కింద ఖాళీ వదిలేశారు. నేను కూడా హలో అని ఊరుకోవాలా? ఇంకొకరు "క్వాలిటీ బాలేదు" అన్నారు, నాలుగు సార్లు అడిగితే తేలిందేంటంటే క్వాలిటీని నిర్ణయించే సీఆర్ఎఫ్ అంకె ఎంత పెంచితే అంత మంచిదనుకుని 40 పెట్టుకున్నారు. వీడియోని కుదించే ఎక్స్264కి మామూలుగా ఉండేది 23, పెంచేకొద్దీ బొమ్మ చెడుతుంది, ఆరు పెంచితే సైజు దాదాపు సగానికి పడిపోతుంది, అది సాఫ్ట్‌వేర్‌లోనే పక్కన రాసి ఉంది. ఎవరు చదువుతారు. ఇవాళ్టి మనిషి అయితే చివర్లో ఒక చురక కూడా వేశారు, "డబ్బు పెట్టి కొన్నవాటిలో ఇలా రాదు" అని. రాకపోతే అదే కొనుక్కోండి బాబూ.

సరే, మర్యాదగానే అడిగా, లాగ్ పంపండి అని. రెండు గంటల తర్వాత ఏం వచ్చిందో తెలుసా? ఫోన్‌తో తీసిన మానిటర్ ఫొటో. వంకరగా, పైన ఫ్యాను నీడ, ఒక మూల బొటనవేలు. కాపీ చేసి అతికించగలిగే అక్షరాల్ని బొమ్మ తీసి పంపడం అనే ఈ విద్య ఎవరు నేర్పారో గానీ.

దానికి నేను రాసిన జవాబు చాలా బాగా వచ్చింది, నిజం చెప్తున్నా, ఎక్కడా తిట్టు లేదు కానీ చదివితే మనిషి వారం దాకా కోలుకోరు. నాతో ఉండే మనిషి వెనక నిలబడి చదివేసి "పంపకు" అంది. నా సంగతి మీకు తెలిసిందే, తను చెప్తే కాసేపు బిగుసుకుని తర్వాత వింటా. పంపలేదు. ఇంకా ఆ విండో తెరిచే ఉంది.

పంపకుండా ఏం చేయాలో తెలీక ఫొటోని పెద్దది చేసి చూశా. వేలి పక్కన ఒక లైను కనబడుతోంది: 29.83 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఇన్ని ఫ్రేములని), 30 టీబీఆర్. అక్కడ కొంచెం గుండె జారింది.

29.97 అయితే ఎవరూ పట్టించుకోరు. అది 1953లో అమెరికాలో టీవీకి రంగులొచ్చినప్పుడు సౌండు సిగ్నల్‌తో గొడవ రాకుండా 30ని కొంచెం తగ్గించి 30000 బై 1001 చేసుకున్న లెక్క, డెబ్భై ఏళ్ళ నుంచీ మా ప్రాణం తీస్తూనే ఉంది. కానీ 29.83 అనేది లెక్క ప్రకారం పెట్టుకున్నది కాదు, సగటు. అంటే అది ఫోన్‌తో తీసిన వీడియో. వెలుతురు తగ్గగానే ఫోను ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు తీసుకుంటుంది, సెకనుకి ముప్ఫై రావాల్సినవి ఒకచోట ఇరవైతొమ్మిది, ఇంకోచోట ఇరవైనాలుగు, అలా వస్తాయి. ఏ ఫ్రేము ఏ క్షణంలో చూపించాలో టైమ్‌స్టాంపులు ఫైల్లోనే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. వాటిని గౌరవిస్తే. పక్కన ఉన్న టీబీఆర్ 30 మాత్రం, నా సాఫ్ట్‌వేర్ లోపల అసలు పని చేసే ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ అనే ప్రోగ్రాం ఆ రేటు మీద వేసుకున్న అంచనా. నా సాఫ్ట్‌వేర్ ఆ అంచనానే పట్టుకుని, సెకనుకి ముప్ఫై ఫ్రేములని చెప్పే మైనస్ ఆర్ 30 అని ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్‌కి ఇచ్చే కమాండులో రాస్తోంది.

అది కూడా తప్పు కాదు. ఎక్కడ రాస్తోందన్నదే గొడవ. మైనస్ ఐ తర్వాత, అంటే ఇన్‌పుట్ ఫైలు పేరు తర్వాత మైనస్ ఆర్ పెడితే, టైమ్‌స్టాంపులు చూసుకుని అవసరమైనచోట ఫ్రేము రెండోసారి వేసో, ఒకటి తీసేసో ముప్ఫైకి సర్దుతుంది, సౌండు కలిసే ఉంటుంది. అదే మైనస్ ఐకి ముందు పెడితే అర్థం మొత్తం మారిపోతుంది, ఫైల్లో ఉన్న టైమ్‌స్టాంపుల్ని పక్కన పడేసి సెకనుకి ముప్ఫై చొప్పున వరసగా లెక్కపెట్టుకుంటూ పోతుంది. యాభై నిమిషాల వీడియోలో 89,490 ఫ్రేములు, ముప్ఫైతో భాగిస్తే 2,983 సెకన్లు. సౌండేమో 3,000 సెకన్లు. పదిహేడు సెకన్లు! చివర్లో మనిషి మాట్లాడటం ఆపేసి బొమ్మలా నిలబడిపోతాడు, మాట మాత్రం వస్తూనే ఉంటుంది.

కోడ్ తెరిచి చూశా. మైనస్ ఐకి ముందు ఉంది. ఏ లైను ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ కొట్టా, పేరు ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. ఆ కమాండుకి ఆ పేరు పెట్టినవాళ్ళు మనుషుల్ని బాగా చదివారు.

అది ముందుకి ఎలా వెళ్ళిందో కూడా గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట, మా చిన్నాడికి మట్టిబొమ్మల పిచ్చి పట్టిన రోజుల్లో. ఒక డైనోసారు, ఒక బస్సు. డైనోసారు బస్సెక్కడమే కథ. వేలెడంత జరపడం, ఫొటో తీయడం, మళ్ళీ జరపడం, మళ్ళీ తీయడం, మూడు రోజులు అదే పని. ఎవరైనా టేబుల్ దగ్గరికొస్తే కేకలు. మొత్తం 340 ఫొటోలు. "నీ సాఫ్ట్‌వేర్‌తో వీడియో చెయ్యి" అన్నాడు, అప్పటికి అందులో ఫొటోల్ని వీడియో చేసే సదుపాయమే లేదు. ఆ మాట వాడితో అనలేక రాత్రికి రాత్రి రాశా. మొదటిసారి పదమూడున్నర సెకన్లలో అయిపోయింది, రేటు చెప్పకపోతే ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ ఫొటోల్ని సెకనుకి పాతిక చొప్పున తీసుకుంటుంది మరి, డైనోసారు బస్సెక్కడం కాదు, బస్సు మీద పడ్డట్టుంది. వాడి మొహం చూడాల్సింది, ఏడుపు ఒక్కటే తక్కువ. సెకనుకి పన్నెండు పెట్టా, ఇరవైఎనిమిది సెకన్లు వచ్చింది. డైనోసారు నింపాదిగా మెట్టెక్కి, తోక లోపలికి లాక్కుని, తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూస్తుంది. ఆ వెనక్కి చూడటం వాడు అనుకుని చేశాడో, బొమ్మ మెడ వంగిపోయిందో నాకిప్పటికీ తెలీదు. అడగలేదు.

ఫొటోలకి రేటు మైనస్ ఐకి ముందే చెప్పాలి, దానికి సరైన ఆప్షను మైనస్ ఫ్రేమ్‌రేట్. నేను మైనస్ ఆర్ పెట్టా, ఎందుకంటే అదీ పనిచేసింది, అర్ధరాత్రి దాటింది, వాడు పక్కనే నిద్రకి తూగుతున్నాడు. మూడేళ్ళ కిందట కోడ్ శుభ్రం చేస్తున్నానన్న గర్వంతో ఫొటోల ఫంక్షనూ వీడియోల ఫంక్షనూ కలిపి ఒకటి చేశా, దాంతో వీడియోలకి కూడా మైనస్ ఆర్ ముందుకి జరిగింది. ఆ రాత్రి మైనస్ ఫ్రేమ్‌రేట్ పెట్టి ఉంటే, కలిపిన రోజే మామూలు వీడియో ఫైలు ఇవ్వగానే "అలాంటి ఆప్షన్ లేదు" అని ఎర్రర్ కొట్టి ఆగిపోయేది. మైనస్ ఆర్ నోరు మూసుకుని పనిచేసింది. నా టెస్టు క్లిప్పులేమో పది సెకన్లవి, అవి కూడా ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్‌తోనే తయారుచేసిన రంగుగీతలవి, వాటిలో ఫ్రేములు ఒక్కటి కూడా అటూఇటూ కావు. మూడేళ్ళుగా అన్నీ పాస్.

ఇంతవరకూ అయితే పడుకునేదాన్నే. తప్పు దొరికింది, రెండు లైన్ల మార్పు, ఫొటోలకి మైనస్ ఫ్రేమ్‌రేట్ ముందు, వీడియోలకి మైనస్ ఆర్ వెనక. కానీ "మళ్ళీ" అన్నారు కదా. మూసేసిన రిపోర్టుల్లో వెతికా. రెండేళ్ళ కిందటిది ఒకటి ఉంది, అదే మనిషి. అప్పుడు మాత్రం అయిదు ప్రశ్నలకీ జవాబు రాశారు. లాగ్ కూడా అతికించారు, మొత్తం. అందులో 29.83 లాంటిదే ఇంకో అంకె. కింద నా జవాబు: "నా దగ్గర బానే ఉంది." క్లోజ్డ్.

అందుకే ఈసారి అన్నీ చెరిపేసి మూడు ముక్కలు రాశారా? అయుండొచ్చు. లేదా పాతది మర్చిపోయి, విసుగొచ్చి రాసుండొచ్చు. పొద్దున నేననుకున్నది, లాగ్ లేకపోతే రిపోర్టు తీసుకోకుండా చేసేద్దామని. సాయంత్రం అనుకున్నది, ఛ, వద్దు, వంకర ఫొటోలోనే దొరికింది కదా అని. ఇప్పుడు మళ్ళీ లాగ్ ఉండాల్సిందే అనిపిస్తోంది, కాకపోతే ప్రోగ్రామే తనంతట తను అతికించాలి, మనిషిని అడగకూడదు. నాలాంటిదే ఇంకో వీడియో సాఫ్ట్‌వేర్, హ్యాండ్‌బ్రేక్, 2003లో మొదలై 1.0 వర్షన్ అనిపించుకోడానికి 2016 డిసెంబరు దాకా ఆగింది. నా దాంట్లో 1.0 ఎప్పుడని అడిగేవాళ్ళకి దాన్ని చూపించి తప్పించుకుంటుంటా. ఇంకో మూడేళ్ళు తప్పించుకోవచ్చు ఇప్పుడు.

అసలు నిద్ర పట్టనిది వేరే. ఈ మూడేళ్ళలో నా సాఫ్ట్‌వేర్‌తో వీడియో కొత్త ఫైలుగా మార్చుకుని (ఎన్‌కోడ్), జాగా కోసం అసలు ఫైలు తీసేసినవాళ్ళు ఎంతమందో. చాలాసేపు కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది, ఫ్రేములేం పోలేదు, టైములే పోయాయి. పాడైన ఫైల్లో సౌండు నిడివి సరైనదే ఉంది, దాన్ని వీడియో నిడివితో భాగిస్తే 1.0057. వీడియో టైముల్ని అంత మేరకు సాగదీస్తే సరి, మైనస్ ఐటీఎస్‌స్కేల్ ఉంది దానికి, మళ్ళీ ఎన్‌కోడ్ కూడా అక్కర్లేదు, కాపీయే. మధ్యలో ఎక్కడ చీకటైందో ఎక్కడ వెలుగొచ్చిందో మాత్రం తిరిగి రాదు, అక్కడక్కడా అర సెకనో ఎంతో తేడా ఉంటుంది. మొదలూ చివరా కలుస్తాయి.

ఇందాక నా ఫోన్‌తో చీకటి గదిలో అరగంట తీసిన వీడియో మీద పరీక్ష పెట్టా, 71 శాతం అయింది, ఫ్యాను మోగుతోంది, తను అటు తిరిగి పడుకుంది. పాత రిపోర్టుని మళ్ళీ తెరిచా. కింద ఏం రాయాలో ఇంకా తేలలేదు. పొద్దుటి జవాబు విండో మాత్రం మూసేశా.