శుక్రవారం తెల్లవారుజాము వాన్

కువైట్‌లో శుక్రవారం సెలవు రోజు. కానీ అరబ్బుల ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లకు వారం మొత్తంలో ఎక్కువ చాకిరీ ఉండేది ఆ రోజే. మధ్యాహ్నం కొడుకులు, కూతుళ్లు, మనవలు అందరూ పెద్దవాళ్ల ఇంటికి భోజనానికి చేరతారు. ముప్పై నలభై మందికి వండాలి, వడ్డించాలి, అంట్లు తోమాలి. అందుకే మా తెలుగు సంఘం ఆరాధన ఉదయం 7 గంటలకు పెట్టుకున్నాం. గురువారం రాత్రి ఆలస్యంగా పడుకున్న ఇంటివాళ్లు పది దాటితే గానీ లేవరు. వాళ్లు లేచేలోపు వెళ్లి రావాలి. ఆ మూడు గంటలే మా వాళ్లకు దొరికే విశ్రాంతి దినం.

నేను పగలు ఒక కంపెనీ బస్సు నడుపుతాను. శుక్రవారం మాత్రం సంఘం వాన్ నాది. తెల్లవారుజామున ఐదుంపావుకి బయల్దేరి సల్వా, రుమైతియా, జాబ్రియా వీధులన్నీ తిరిగి, గేట్ల దగ్గర చున్నీ కప్పుకుని నిలబడ్డ వాళ్లను ఒక్కొక్కరినే ఎక్కించుకుంటాను. కొందరు రాజోలు, అమలాపురం వైపు వాళ్లు. కొందరు రాయచోటి, రాజంపేట వాళ్లు. ఇంట్లో అడిగి వచ్చేవాళ్లు కొందరైతే, ఆ వారం వదల్లేదని మెసేజ్ పెట్టి ఆగిపోయేవాళ్లు మరికొందరు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలనీ, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ చెబుతుంది. ఆ సంగతి మా వాన్‌లో చాలామందికి అయ్యగారు చెప్పేదాకా తెలియదు.

అయ్యగారంటే మా పాస్టర్ గారు. వారంలో ఐదు రోజులూ ఆయన ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్. సంఘం నుంచి జీతం తీసుకోరు. శుక్రవారం వాన్‌లో నా పక్కన ముందు సీట్లో కూర్చోరు. వెనక సీట్లలో, చివరగా ఎక్కిన మనిషి పక్కన కూర్చుంటారు. చేతిలో నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. అందులో పేరు, తేదీ, ప్రార్థన మనవి రాసుకుంటారు. రాసుకోవడం అందరూ చేసేదే. ఈయన వారం తిరిగేసరికి మళ్లీ అడుగుతారు. "మీ చిన్నోడికి జ్వరం అన్నావు కదమ్మా, తగ్గిందా?" "ఆ స్థలం కాగితాలు మీ మరిది ఇచ్చాడా?" మూడు నెలల కిందట చెప్పిన మాట కూడా తారీఖుతో సహా ఆయన దగ్గర ఉంటుంది.

ఆ ఒక్క ప్రశ్నకే ఏడ్చేసినవాళ్లను నేను అద్దంలో చాలాసార్లు చూశాను. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత ఒక అక్క చెప్పింది. వాళ్ల ఇంట్లో పిల్లలకు ఆమె పేరు నోరు తిరగలేదట. వచ్చిన రోజే మేడమ్ ఇంకో పేరు పెట్టేసింది. నాలుగేళ్లుగా ఆమె ఆ పేరుకే పలుకుతోంది. అయ్యగారు మాత్రం హాజరు పిలిచినట్టు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పిలుస్తారు. "మా నాన్న పోయాక నా ఇంటిపేరు ఎవరి నోటా వినలేదు అన్నా, ఇక్కడే వింటున్నాను" అంది.

నేను ఈ సంఘంలోకి వచ్చింది కూడా వాక్యం విని కాదు. 2011లో సూపర్‌మార్కెట్ డ్రైవర్ పని అని ఏజెంటు చెబితే వచ్చాను, తీరా చూస్తే ఇంటి డ్రైవర్ వీసా. మేడ మీద రేకుల గదిలో పడుకునేవాణ్ణి. ఒక సాయంత్రం బకాలా (చిన్న కిరాణా కొట్టు) దగ్గర నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే విని ఒకాయన పలకరించాడు. చర్చికి రమ్మంటాడేమో అనుకున్నాను. "సివిల్ ఐడీ వచ్చిందా తమ్ముడూ? పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది? ఊళ్లో అప్పు ఎంత?" అని అడిగాడు. మూడూ అడగాల్సిన ప్రశ్నలే. నా పాస్‌పోర్ట్ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) బీరువాలో ఉంది. ఊళ్లో అప్పు లక్షా ఎనభై వేలు. మరుసటి వారం మళ్లీ వచ్చి, వడ్డీ ఎంత కట్టావని అడిగాడు. ఆయనే అయ్యగారు. నేను బైబిల్ తెరిచింది ఆ తర్వాత ఏడాదికి.

మేం కూడుకునేది కువైట్ సిటీలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో. గంటల లెక్కన గదులు పంచుకుంటాం. మేం బయటికి వస్తుంటే ఇంకో భాషవాళ్లు చెప్పులు విడుస్తూ లోపలికి వస్తుంటారు. ఒక గదిలో మలయాళం పాట, పక్క గదిలో ఫిలిప్పీన్స్ వాళ్ల గిటార్, వరండాలో ఇథియోపియా అమ్మాయిల తెల్లటి ముసుగులు. ఈ దేశంలో క్రైస్తవ సేవకు దారి వేసింది అమెరికన్ మిషన్ వైద్యులు. 1912లో వచ్చిన ఎలినార్ కాల్వర్లీ గారు ఇక్కడి ఆడవాళ్లకు మందిచ్చిన మొదటి మహిళా డాక్టరు. ఊళ్లోవాళ్లకు చెబితే నమ్మరు గానీ, 1999లో ఈ నేషనల్ ఎవాంజెలికల్ చర్చికి పాస్టర్‌గా అభిషేకం పొందిన ఇమ్మానుయేల్ గరీబ్ గారు కువైట్ పౌరుడే. మన దగ్గర గరీబ్ అంటే పేదవాడు. అరబీలో మాత్రం ఆ మాటకు పరదేశి అని అర్థం. అది తెలిసిన రోజు నాకు ఎంత ధైర్యంగా అనిపించిందో చెప్పలేను. ఈ దేశంలో పుట్టి పెరిగిన మనిషి పేరులోనే పరదేశి ఉన్నాడు, ఆ ఆవరణలో వేల మంది పరదేశులు కూర్చుని పాడుతున్నారు.

శుక్రవారం వచ్చేవాళ్లకంటే రాలేనివాళ్లే ఎక్కువ. కొన్ని ఇళ్లల్లో ఫోన్ రాత్రి పని అయ్యాక ఒక గంట మాత్రమే ఇస్తారు. అంటే పదకొండున్నర, పన్నెండు. ఆ వేళకు అయ్యగారు నిద్రపోకుండా ఉండి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడతారు. పాస్టరమ్మ గారికి పొద్దున డ్యూటీ ఉంటుంది కాబట్టి, ఆమె నిద్ర చెడకుండా వంటింట్లో తలుపు వేసుకుని మాట్లాడతారు. ఒక్కో మెసేజ్ రెండు నిమిషాలే. ఒకరికి పంపింది ఇంకొకరికి పంపరు. పేరు పెట్టి మొదలుపెడతారు, నోట్‌బుక్‌లో ఉన్న విషయం అడుగుతారు, ఒక వచనం చదివి ప్రార్థన చేస్తారు. నలభై నిమిషాల ప్రసంగాలు ఫార్వర్డ్ చేసే గ్రూపులు నా ఫోన్‌లో డజను ఉన్నాయి. పదహారు గంటలు నిలబడి పనిచేసిన మనిషికి అర్ధరాత్రి కావాల్సింది అది కాదు. తన కొడుకు పేరు గుర్తున్న గొంతు ఒకటి కావాలి.

అలా వాయిస్ మెసేజ్‌ల ద్వారానే తెలిసిన ఒక చెల్లెమ్మ గురించి చెప్పాలి. ఆమెను ఆ ఇంట్లో కొట్టేవారు. మూడు నెలలుగా జీతం లేదు. చర్చికి ఒక్కసారి కూడా రాలేదు, ఊళ్లో వాళ్లమ్మ ఎవరి ద్వారానో అయ్యగారి నంబరు పంపింది. ఆదికాండము 16వ అధ్యాయం తనే చదువుకుంది. యజమానురాలు పెట్టే బాధ పడలేక దాసి హాగరు అరణ్యంలోకి పారిపోతే, దూత కనిపించి, "ఎక్కడనుండి వచ్చితివి? ఎక్కడికి వెళ్లుచున్నావు?" అని అడుగుతాడు. తర్వాత, తిరిగి వెళ్లి ఆమెకు లోబడి ఉండమంటాడు. ఆ రాత్రి చెల్లెమ్మ గుసగుసగా అడిగింది: "హాగరును వెళ్లమన్నాడు కదా అయ్యగారూ, నేనూ ఓర్చుకుని ఉండాలా?"

ఆ మెసేజ్ అయ్యగారు నాకు వినిపించారు, ఎందుకంటే వాన్ కావాలి. ఆయన జవాబిచ్చేటప్పుడు పక్కనే ఉన్నాను. "ఆ మాట చెప్పింది దూతమ్మా. నేను దూతను కాను. నిన్ను కొట్టే ఇంటికి తిరిగి వెళ్లమని చెప్పే అధికారం నాకు లేదు. హాగరు దేవుడికి ఒక పేరు పెట్టింది, చూచుచున్న దేవుడు అని. ఆయన నిన్నూ చూస్తున్నాడు. రేపు నువ్వు చెత్త పారేయడానికి ఎన్నింటికి బయటికొస్తావు?"

ఓర్చుకో, ప్రార్థన చేసుకో, దేవుడు వాళ్ల మనసు మారుస్తాడు అని చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. చెప్పడం తేలిక, చెప్పినవాడికి ఏ టెన్షనూ ఉండదు. ఇక్కడ ఇంటి నుంచి వచ్చేసిన మనిషి మీద పారిపోయినట్టు కేసు పెడతారు, అలాంటివాళ్లను దాచిపెట్టడమూ నేరమే. అందుకే ఎవరి గదికీ తీసుకెళ్లలేదు. వీధి చివర ఎక్కించుకుని నేరుగా దయ్యా అనే ప్రాంతంలోని మన ఎంబసీకి వెళ్లాం. ముందు సీట్లో పాస్టరమ్మ గారు, వెనక ఆ చెల్లెమ్మ, ఒళ్లో చిన్న కవరు. అందులో ఒక జత బట్టలు, పిల్లల ఫొటో. దారంతా అయ్యగారు ఒక్క వచనం కూడా చెప్పలేదు. నీళ్లు ఇచ్చి, "కళ్లు మూసుకో అమ్మా, వెళ్లేసరికి అరగంట" అన్నారు. ఆ తర్వాత రెండు నెలలకు పైగా ఆమె షెల్టర్‌లో ఉంది. పాస్టరమ్మ గారు వీలైనప్పుడల్లా సబ్బులు, నూనె, పచ్చడి పట్టుకుని వెళ్లేవారు. చివరికి ఔట్‌పాస్ (పాస్‌పోర్ట్ లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే ప్రయాణ కాగితం) మీద ఊరెళ్లింది. మూడు నెలల జీతం రాలేదు. ఆ సంగతి కూడా నోట్‌బుక్‌లో ఉంది, దాని పక్కన టిక్కు లేదు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఒకసారి బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు విత్తన కానుక గురించి, అంటే కానుక విత్తితే దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడని, గట్టిగా మాట్లాడి వెళ్లాడు. ఆ రోజు ఒక అక్క వేలి ఉంగరం తీసి కానుకల సంచిలో వేసింది. నెలకు 60 దీనార్లతో మొదలుపెట్టిన మనిషి. అయ్యగారు మరుసటి శుక్రవారం వాన్‌లో ఆ ఉంగరం ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూసేశారు. "దేవుడు నీకు అప్పు లేడమ్మా, నువ్వూ ఆయనకు బాకీ లేవు. ఇది నీ కూతురి పెళ్లికి దాచు" అన్నారు. సంఘంలో కొందరికి ఇది నచ్చలేదు, కానుక వెనక్కివ్వడం ఏమిటన్నారు. నా మట్టుకు నేను అన్నేళ్లలో విన్న ప్రసంగాలన్నింటిలో గొప్పది అదే.

2024 జూన్ 12, బుధవారం తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం కాలిపోయింది. మన దేశంవాళ్లు నలభై మందికి పైగా చనిపోయారు, అందులో ముగ్గురు ఆంధ్రవాళ్లు. రెండు రోజులకే శుక్రవారం. ఆ రోజు వాన్‌లో ఎవరూ మాట్లాడలేదు. మగవాళ్లలో సగం మంది అలాంటి గదుల్లోనే ఉంటారు, ఒక్కో గదిలో ఎనిమిది మంది, పది మంది. అయ్యగారు ప్రసంగం రాసుకొచ్చారు, కాగితాలు మడిచి బైబిల్లో పెట్టేశారు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు అన్న వచనం చదివి, తనూ చాప మీద కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. చాలాసేపటికి వెనక నుంచి ఒక కుర్రాడు, "మా బిల్డింగ్‌లో టెర్రస్ తలుపుకి తాళం వేసి ఉంటుంది అయ్యగారూ" అన్నాడు. ఆ రోజు ప్రార్థన మనవి అదే. మధ్యాహ్నం ఆయనా నేనూ మరో ఇద్దరూ వెళ్లి హారిస్‌తో, అంటే బిల్డింగ్ వాచ్‌మన్‌తో, మాట్లాడి ఆ తాళం తీయించాం. తర్వాతి రోజుల్లో తనిఖీలు జరిగి గదులు ఖాళీ చేయిస్తే, మావాళ్ల పరుపులు మోయడమే రెండు వారాల పాటు మా పరిచర్య. అయ్యగారి హాల్లోనే ఐదుగురు పడుకున్నారు.

అందరినీ ఆదరించే మనిషిని ఎవరు ఆదరిస్తారో నేను చాలాకాలం ఆలోచించలేదు. పోయిన చలికాలం అయ్యగారి నాన్నగారు ఊళ్లో చనిపోయారు. ఆయన అకామా (ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి) రెన్యూవల్ మధ్యలో ఉంది, వెళ్లే వీలు లేదు. గోడౌన్‌లో అట్టపెట్టెల మీద ఫోన్ ఆనించి, భూస్థాపన వీడియోలో చూశారు. సరిగ్గా మట్టి వేసేటప్పుడు సిగ్నల్ పోయిందట. ఆ రోజు గురువారం. "రేపు వాన్ వద్దు అయ్యగారూ, నేను అందరికీ మెసేజ్ పెడతాను" అన్నాను. తల అడ్డంగా ఊపారు.

తెల్లారి ఎప్పటిలాగే వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు. నోట్‌బుక్ ఒళ్లో ఉంది, తెరవలేదు. ఎక్కినవాళ్లకు విషయం అప్పటికే తెలుసు. "వందనాలు అయ్యగారూ" అని కూర్చుంటున్నారే తప్ప ఏం మాట్లాడాలో ఎవరికీ తోచడం లేదు. రుమైతియాలో ఒక పెద్దావిడ ఎక్కింది. రెండేళ్లుగా వస్తోంది గానీ, పేరు పిలిస్తే ఆఁ అనడం తప్ప ఆమె మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజు ఆయన పక్కనే ఖాళీ ఉంది, వచ్చి కూర్చుంది. ఫహాహీల్ రోడ్డు ఎక్కాక ఆయన ఒళ్లోంచి నోట్‌బుక్ తీసుకుంది, సీటు మీదున్న పెన్ను తీసుకుంది.

"మీ నాన్నగారి పేరు చెప్పండి అయ్యగారూ" అంది. "ఇంటిపేరుతో సహా."

ఆయన చెప్పారు. గొంతు రెండోసారికి గానీ పెగల్లేదు. ఆమెకు రాత అంతగా రాదు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగి, ఆ పేరును ఒకరి తర్వాత ఒకరు పైకి పలికారు. నేను వాన్ వేగం తగ్గించి, పక్క లేన్‌లోకి వచ్చాను. ఏడుకి ఇంకా చాలా టైముంది.