ముందు అడగాల్సింది వెనక అడిగినం: నల్లా నీళ్ల ప్రచారంల నా అనుభవం

నిన్న పొద్దుమీకి ఆఖరి రిపోర్టు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకొని వచ్చిన. కోపం చల్లారక ముందే రాయాలె. రెండు నెలలు పోతే అంతా మంచిగనే నడిచిందని నేనే చెప్పుకుంట తిరుగుత.

పని ఇది. నల్లగొండ జిల్లాల మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ఊర్లల్ల బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దిక్కు లేకుంటే 1.5 దాక పర్వాలేదని మన దేశం పెట్టుకున్న ప్రమాణం. ఇప్పుడు మిషన్ భగీరథ కింద శుద్ధి చేసిన క్రిష్ణ నీళ్లు ఇంటి నల్లాకు వస్తున్నయి. జనం అవే వాడేటట్టు ప్రచారం చేయాలె. దానికి ప్లాన్ రాసి, సామాన్లు తయారు చేసి, ఫలితం చూపించాలె.

అగ్రిమెంటు వారంల అయింది. ఊర్లకు పోయేతందుకు లెటరు రెండు రోజులు. డిజైను అయిదు రోజులు. రెండు వేల పోస్టర్లు ప్రెస్సుల ఒక్క రాత్రిల అచ్చయినయి.

తప్పు అక్కడనే జరిగింది. మా ప్రచార పనిల పాత సూత్రం ఒకటున్నది, 1963ల జాన్ మార్స్టన్ అనే అమెరికా ఆయన రాసింది: మొదలు పరిశోధన, తర్వాత ఏం చేయాలన్న ప్లాను, తర్వాత జనానికి చెప్పుడు, చివరకు కొలుచుడు. మేము మొదటి రెండు మెట్లు వదిలి మూడో మెట్టు మీద దుంకినం. తెల్వక కాదు. నెలాఖరుకు బిల్లు పెట్టాలని ఆఫీసు తొందర, నేను తలూపిన. "అవేర్‌నెస్ అంటే పోస్టరే కదా, దానికి మళ్ల సర్వే ఎందుకు" అన్న సారుకు ఎదురు మాట్లాడకపోవుడు నా తప్పే.

పోస్టరు మీద ఫ్లోరైడ్‌తోని కాళ్లు వంకర పోయిన పిల్లగాని బొమ్మ. కింద ఎర్ర అక్షరాలు: ఫ్లోరైడ్ భూతం, నల్లా నీళ్లే శరణం. నాకైతే మస్తు నచ్చింది.

అచ్చయినంక, పేరుకు ఒక్క ఊర్ల చూపెడదామని మర్రిగూడ దిక్కు పోయిన. పోయిన వేళ పొద్దుగాల పదకొండు. పత్తి ఏరే రోజులు. వంట చేసేటోళ్లు ఒక్కరు ఇంట్ల లేరు. పంచాయతీ కాడ అరుగు మీద నలుగురు పెద్దమనుషులు, ఇద్దరు అవ్వలు. సర్పంచు కుర్చీ తెప్పించి కూసోబెట్టిండు. పోస్టరు విప్పి "ఎట్లున్నది" అని అడిగిన. సర్పంచు బాగుందన్నడు. అందరు బాగుందన్నరు. నేను కాగితం మీద 'స్పందన మంచిగున్నది' అని రాసుకున్న. సిగ్గు లేకుండ చెప్తున్న, ఆ కాగితం ఇంకా నా కాడ ఉన్నది.

సర్పంచుకు ఫోనొచ్చి అవతలికి పోయిండు. అప్పుడు ఒక అవ్వ అడిగింది: "బిడ్డా, నీకు తమ్ముడున్నడా?"

ఉన్నడవ్వా అన్న.

"ఈ ఊరి పిల్లను చేసుకుంటడా?"

నేను నోరు తెరవలే. ఆమెనే చెప్పింది. ఈ ఊరి పేరు చెప్తేనే సంబంధాలు మర్లిపోతున్నయంట. పేపరోళ్లు, టీవోళ్లు వచ్చి వంకర కాళ్లు ఫొటోలు తీసుకపోయి తీసుకపోయి ఊరి ఇజ్జత్ తీసిన్రంట. "గీ బొమ్మ మా గోడకే కొడ్తవా? పట్నంల కొట్టుకోపో." పక్కన కూసున్న తాత నా దిక్కు చూసి నవ్విండు. "నల్లా నీళ్లు తాగమంటున్నవు గని, నీ చేతుల ఉన్న సీసా ఏంది?"

తొవ్వల కొనుక్కున్న నీళ్ల సీసా. మూత గూడ తియ్యలే. పోస్టరు మడిచి సంచిల పెట్టుకున్న. బస్సు వచ్చేదాక గంటన్నర ఆ అరుగు మీదనే కూసోవాల్సి వచ్చింది. ఎవ్వరు మాట్లాడలే. ఆ గంటన్నర నా జీవితంల పొడుగైన గంటన్నర.

ఆ రోజు సంది నేర్చుకున్నది చెప్తున్న, పనికొస్తే తీసుకోన్రి. పోస్టరు చూపెట్టి "ఎట్లున్నది" అని అడగొద్దు. ఎవలన్నా బాగుందనే అంటరు, ఇంటికొచ్చిన మనిషిని నొప్పించరు. "ఇందుల ఏం చెప్తున్నరు" అని అడిగి ఊకుండాలె. తర్వాత "ఇది ఎవల గురించి చెప్తున్నట్టున్నది" అని. అక్కడ "మా గురించి కాదు, వేరేటోళ్ల గురించి" అని వస్తే ఆ పోస్టరు పనికిరానట్టే. ఆఖరుకు "ఇది చూసినంక రేపు పొద్దుగాల మీరేం చేస్తరు" అని. అయిదారుగురు ఆడోళ్లను, రాత్రి ఏడు దాటినంక, ఎవలదన్నా ఇంటి వాకిట్ల కూసోబెట్టి అడగాలె. పంచాయతీ ఆఫీసుల అడిగితే సర్పంచు మాటే ఊరి మాట అయితది. అచ్చు కాకముందే, ఇంట్ల ప్రింటరు మీద తీసిన ఒక్క కాపీతోని ఇదంతా అయితది. ఖర్చు బస్సు చార్జీలే.

తిరిగొచ్చి పని ఆపుదామన్న. ఆఫీసుల ఆ సారు "రెండు వేలు అచ్చయినయి, ఇగ అతికించుడే" అన్నడు. మూడు రోజులు కొట్లాడిన. చివరకు పదిహేను రోజులు దొరికినయి.

ఆ పదిహేను రోజులల్ల ఆరు ఊర్లు, ఊరికి ఇరవై ఇండ్లు, మొత్తం 120 ఇండ్లు తిరిగినం. ట్యాంకు కాడ మొదలువెట్టి అయిదో ఇల్లు అయిదో ఇల్లు లెక్కన. మెయిన్ రోడ్డు ఇండ్లే పట్టుకుంటే లెక్క తప్పుతది. తండాలు, ఎస్సీ కాలనీలు, పైపు చివర ఉన్న ఇండ్లు లెక్కల ఉండి తీరాలె, ఎందుకంటే నల్లా ప్రెషర్ తక్కువుండేది అక్కడనే.

ప్రశ్నల కాడ గూడ దెబ్బ తిన్నం. మొదటి రోజు "ఏ నీళ్లు తాగుతరు" అని అడిగితే అందరు "ప్లాంటు నీళ్లే" అన్నరు, అంటే శుద్ధి చేసి క్యాన్లల్ల అమ్మే నీళ్లు. ఇగ ఫ్లోరైడ్ ముచ్చటే లేదన్నట్టు. రెండో రోజు ప్రశ్న మార్చినం: "నిన్న రాత్రి అన్నం ఏ నీళ్లతోని వండిన్రు? పప్పు? చాయ్?" అప్పుడు బయటపడ్డది. తాగేది ప్లాంటు క్యాను, వండేది బోరు. క్యాను నీళ్లు పైసలు పెట్టి కొన్నయి, వాటితోని అన్నం ఎవలు వండుతరు? బియ్యం, పప్పు ఆ బోరు నీళ్లను గుంజుకుంటయి, ఫ్లోరైడ్ గూడ వాటెంబడే కడుపుల పోతది. కాచుకుంటే పోతదని ఇంకొందరి నమ్మకం. కాస్తే పురుగు చస్తది గని ఫ్లోరైడ్ చావదు. నీళ్లు ఇగిరిన కొద్ది ఉన్నది ఇంకా చిక్కబడ్తది.

అడిగేటప్పుడు "ఎప్పుడన్న", "రోజు" అనే మాటలు పెట్టొద్దు. నిన్న అనే అడగాలె. రోజు ఏం చేస్తవంటే మనిషి తన గురించి మంచిగ చెప్పుకుంటడు, నిన్న ఏం చేసినవంటే చేసిందే చెప్తడు.

నల్లా నీళ్లు ఎందుకు వద్దంటున్నరంటే, భయం కాదు, తెల్వక కాదు. వాసన. క్లోరిన్ వాసన. నల్లా చివర గూడ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలె, అది ఉంటేనే పైపుల మధ్యల పురుగు పట్టదు. కానీ ఈ సంగతి వాళ్లకెవలు చెప్పలే. వాళ్లకు అది మందు వాసన. నా పోస్టరు మాత్రం ఫ్లోరైడ్ భూతం అని అరుస్తున్నది. తరతరాలుగ ఆ భూతంతోని కాపురం చేసినోళ్లకు దాని గురించి నేను చెప్పుడేంది!

ఇక్కడొక మాట. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంల మన ఊరి పేరే ఉన్నది, నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది. పటిక, సున్నం కలిపి, తిప్పి, అడుక్కు దిగినంక పైనీళ్లు వంచుకునుడు. సైన్సు తప్పు లేదు. కానీ పటిక ఎంతెయ్యాల్నో నీళ్లను బట్టి మారుతది, రోజు కొలవాలె, అడుగున మిగిలిన బురద పారబోయాలె. కూలికి పోయే మనిషి పొద్దుగాల నాలుగింటికి లేసి ఇవన్ని చేస్తదా? గొప్ప పేర్లు పెట్టే ముందు ఆ ఇంటి పొద్దుపొడుపు ఎట్లుంటదో ఒక్కపాలి చూడాలె.

కొత్త ప్లాను ఒక్క కాగితం. చెప్పే ముచ్చట ఒక్కటే: వంట నల్లా నీళ్లతోని. తాగే క్యాను జోలికి పోలే, ఎందుకంటే రెండు అలవాట్లు ఒకేసారి మారవు. ఎవలకు చెప్పాలె అన్న కాడ 'గ్రామ ప్రజలు' అని రాయనియ్యలే. పొయ్యి మీద గిన్నె పెట్టేటోళ్లు అని రాసినం. పత్తి రోజులల్ల చానా ఇండ్లల్ల అది అత్త, కోడలు కాదు. చెప్పే జాగ మహిళా సంఘం మీటింగు, అంగన్‌వాడీ, బడిల మధ్యాహ్న భోజనం వండే అక్కలు. డప్పు చాటింపు సాయంత్రమే.

చూపెట్టింది పోస్టరు కాదు, రెండు గ్లాసులు. ఒకదాంట్ల వాళ్ల బోరు నీళ్లు, ఇంకోదాంట్ల నల్లా నీళ్లు. నీళ్లను పరీక్ష చేసే కిట్టుల మందు చుక్కలు వేస్తే గులాబి రంగు వస్తది, ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపు దిక్కు తిరుగుతది. రెండిట్ల నీళ్లు సమానంగ, చుక్కలు సమానంగ పడాలె, లేకుంటే రంగు అబద్ధం చెప్తది. వాసనకు మందు గూడ వాళ్ల ఇంట్లనే ఉన్నది: రాత్రి నల్లా నీళ్లు బిందెల పట్టి, పల్చటి బట్ట కప్పి పెడితే పొద్దుగాలకు వాసన తగ్గుతది.

కొలిచేటప్పుడు మళ్ల పంచాయితీ. ఎన్ని పోస్టర్లు, ఎన్ని మీటింగులు, ఎంతమంది సంతకాలు అని ఆఫీసు ఫారం. అవి మనం చేసిన పనులు, జనంల వచ్చిన మార్పు కాదు. ఈ తేడా మా రంగంల 2010ల బార్సిలోనా సూత్రాలల్లనే, అంటే ప్రచారం ఫలితం ఎట్ల కొలవాల్నో చెప్పే సూత్రాలల్ల, రాసుకున్నరు. అందుకే ఫారం నింపి, దాని వెనక అదే ఇండ్లకు మళ్ల పోయి "నిన్న అన్నం ఏ నీళ్లతోని" అని అడిగిన లెక్క కుట్టిన. మొదటి లెక్క లేకుంటే రెండో లెక్కకు విలువ లేదు, కాబట్టి పని మొదలుకాక ముందే అడిగి పెట్టుకోన్రి. మొత్తం పైసలల్ల పదో వంతు ఇందుకే అని అగ్రిమెంటులనే రాయించుకోన్రి. తర్వాత అడిగితే ఎవలు ఇయ్యరు.

ఆ రెండు వేల పోస్టర్లు మా ఆఫీసు మూలకే ఉన్నయి. వెనక తెల్లగ ఉన్నది కదా అని సర్వే లెక్కలు వాటి మీదనే గీసుకున్నం. మిగిలినయి ఇంకా ఒక గోనెసంచి నిండ ఉన్నయి.