షెడ్యూల్‌లోకి ఎక్కని తెలివి

ఏ పని ఏ మెషీన్ మీద ఎప్పుడు చేయాలో తేల్చే మా ప్లాంట్ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి సూపర్‌వైజర్ల అనుభవాన్ని రూల్స్‌గా ఎక్కించే పనిలో ఉన్నాను. ఈమధ్య ఇంత ఇష్టంగా చేసిన పని మరొకటి లేదు.

ప్లాస్టిక్‌ని కరిగించి అచ్చుల్లోకి ఎక్కించే ఇంజెక్షన్ మోల్డింగ్‌నే తీసుకోండి. లేత రంగుల నుంచి ముదురు రంగులకు వెళ్లడం తేలిక. అదే నలుపు తర్వాత తెలుపు పెడితే, ప్లాస్టిక్ కరిగే గొట్టంలో (బ్యారెల్‌లో) మిగిలిన రంగు పూర్తిగా పోయేదాకా ప్లాస్టిక్ వృథా అవుతూనే ఉంటుంది. డెలివరీ తేదీలు మాత్రమే చూసే ప్రోగ్రామ్‌కి ఇది తెలియదు, ఆపరేటర్‌కి తెలుసు. ఆ తెలిసినదాన్ని అడిగి రాబట్టడమే అసలు కష్టం. ఎందుకంటే అది ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయమని వాళ్లకు అనిపించదు.

1980ల మొదట్లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మార్క్ ఫాక్స్ బృందం వెస్టింగ్‌హౌస్ కంపెనీ టర్బైన్ విడిభాగాల ప్లాంట్ సమస్య మీద ఐసిస్ అనే షెడ్యూలింగ్ సిస్టమ్ తయారుచేసింది. గడువులు, మెషీన్ల సామర్థ్యం, ఫలానా పనికి ఫలానా మెషీన్ మేలనే అభిప్రాయాలు, అన్నిటినీ నిబంధనలుగా రాశారు. అన్నీ ఒకేసారి కుదరనప్పుడు ఏది ఎంతవరకు సడలించవచ్చో కూడా అందులోనే పెట్టారు. ఈ సడలింపు ఆలోచన నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. పూర్తిగా లెక్కతోనే తేల్చుకుందామంటే, 1963లో ప్రచురితమైన 10 పనుల్ని 10 మెషీన్ల మీద వీలైనంత త్వరగా ముగించే సమస్యకు, దొరికిన జవాబుకన్నా మంచిది లేదని రుజువు కావడానికి 1989 దాకా పట్టింది మరి!

ఇప్పుడు ప్రతి రూల్ పక్కన దాని కారణం కూడా రాయిస్తున్నాను. రేపు మెషీన్ మారితే ఆ రూల్ ఉంచాలో తీసేయాలో తర్వాత వచ్చేవాళ్లు తేల్చుకోగలగాలి.