శరణార్థి కాపురాలకు సర్కారు డబ్బు ఎందుకు

"ఇల్లు చూపిస్తున్నారు, ఫుడ్ స్టాంపులు ఇస్తున్నారు, ఇంగ్లీషు నేర్పిస్తున్నారు. మొగుడూ పెళ్ళాం ఎలా మాట్లాడుకోవాలో కూడా మన టాక్సులతోనే నేర్పాలా?" ఈమధ్య ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే, నేను శనివారాలు ఎక్కడికి వెళ్తున్నానో విని ఒక అన్నయ్యగారు అడిగిన మాట ఇది. అక్కడ భోజనాల హడావిడిలో నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆ ప్రశ్న చాలామందికి ఉంటుందని తెలుసు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేనుండేది ఒహాయోలోని కొలంబస్. భూటాన్ వెళ్ళగొట్టిన నేపాలీ భాషీయులు అమెరికాలో ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్ళలో ఇదొకటి. 1990ల మొదట్లో ఇళ్ళూ పొలాలూ వదిలి వచ్చేసి, నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో ఇరవై ఏళ్ళ దాకా గడిపినవాళ్ళు. 2008 నుంచి 90 వేల మందికి పైగా అమెరికా వచ్చారు. సినిమాల వల్ల వాళ్ళలో చాలామందికి హిందీ అర్థమవుతుంది. నాది హైదరాబాద్ హిందీ. ఆ కాస్త భాషతోనే వాళ్ళ కుటుంబ తరగతుల్లో, అంటే ఆలుమగలు గొడవపడకుండా మాట్లాడుకోవడం నేర్పే శనివారం తరగతుల్లో, వాలంటీరుగా చేరాను. వయసులో చిన్నవాళ్ళు నన్ను దిదీ (అక్క) అంటారు, పెద్దవాళ్ళని నేను ఆమా (అమ్మ), బా (నాన్న) అంటాను.

శిబిరంలో పేదరికం ఉంది గానీ అందరూ పొద్దస్తమానం ఒకేచోట ఉండేవాళ్ళు. ఇక్కడికి రాగానే భర్తకి రాత్రి షిఫ్టు గోదాములో, భార్యకి పగటి షిఫ్టు ప్యాకింగ్‌లో. ఉన్నది ఒక్క కారు. అపార్ట్‌మెంట్ ముందు తాళాలు చేతులు మారే అయిదు నిమిషాలే ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది. విమాన టిక్కెట్లకి ఇచ్చిన అప్పు వడ్డీ లేనిదే అయినా, వచ్చిన ఆరు నెలల నుంచి నెలనెలా కట్టాలి. ముందు అది కట్టాలా, నేపాల్‌లో శిబిరాల దగ్గరి ఊరు డమక్‌లో ఉండిపోయిన అమ్మానాన్నలకి పంపాలా? ఎవరి అమ్మానాన్నలకి? గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

పిల్లల సంగతి ఇంకా కష్టం. వాళ్ళకి ఇంగ్లీషు ముందు వచ్చేస్తుంది. ఆస్పత్రిలో ఉచితంగా దుబాసీని అడిగే హక్కు ఉందని తెలియక, పన్నెండేళ్ళ కొడుకు చేత తన గర్భసంచి జబ్బు గురించి డాక్టరుకి చెప్పించుకున్న తల్లిని నేను చూశాను. ఆ తర్వాత ఆ పిల్లాడు నాన్న మాట వింటాడా? నాన్నకి కోపం వస్తే ఎవరి మీద చూపిస్తాడు?

ఇవి చిన్న విషయాలు కావు. 2009 నుంచి 2012 మధ్య ఈ సమాజంలో జరిగిన ఆత్మహత్యల మీద అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పరిశోధన చేసింది. ఏడాదికి లక్షమందికి 20.3 అని తేలింది. అప్పటి అమెరికా సగటు 12 చిల్లర. భాష రాకపోవడం, వెనక ఉండిపోయినవాళ్ళ గురించి బెంగ, సంప్రదాయాలు నిలుపుకోలేకపోవడం అక్కడ చెప్పుకున్న కష్టాలు.

ఇక డబ్బు సంగతి. బుష్ హయాంలో కాపురాలు నిలబెట్టే కార్యక్రమాలకి నిధులివ్వడం మొదలైంది. శరణార్థుల పునరావాస కార్యాలయం కూడా అప్పట్లోనే శరణార్థి కుటుంబాల కోసం విడిగా గ్రాంట్లిచ్చింది. 2006లో సంతకమైన చట్టంతో ఇలాంటి పనులకి దేశం మొత్తానికి ఏటా 15 కోట్ల డాలర్లు కేటాయించారు, అందులో 5 కోట్ల దాకా తండ్రుల కార్యక్రమాలకి. 2010 చట్టం ఆ మొత్తాన్ని కాపురాల కార్యక్రమాలకీ తండ్రుల కార్యక్రమాలకీ చెరి సగం చేసింది.

తరగతిలో ఏం జరుగుతుందంటే... డెన్వర్ విశ్వవిద్యాలయానికి చెందిన హోవార్డ్ మార్క్‌మన్, స్కాట్ స్టాన్లీ తయారుచేసిన ప్రెప్ అనే పద్ధతి ఒకటుంది. అట్టముక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. రెండోవాళ్ళు ఎదురు జవాబు చెప్పకుండా, విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పాలి. మా తరగతికి వచ్చేవాళ్ళకి అందరి ముందూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి మాట్లాడటం కుదరదు, అత్తగారు పక్కనే కూర్చుంటే అసలే కుదరదు. అందుకని ముందు ఆడవాళ్ళూ మగవాళ్ళూ విడివిడిగా కూర్చుని, తర్వాత జంటలుగా కూర్చునేవాళ్ళు. ఒకాయన తనకి చెప్పకుండా వాళ్ళ చిన్నాన్నకి డబ్బు పంపుతున్నాడని భార్యకి కోపం. అట్టముక్క పట్టుకుని ఆయన చాలాసేపటికి నోరు విప్పాడు. ఆవిడ తిరిగి చెప్పింది: "నీ చదువుకి ఫీజు కట్టింది ఆయనా? నాకెప్పుడూ చెప్పలేదే." ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ సంగతి ఆవిడకి తెలిసింది. డబ్బు పంపడం ఆగలేదు, కానీ ఎంత పంపాలో ఇప్పుడు ఇద్దరూ కూర్చుని లెక్కేస్తారు.

గ్రాంటు డబ్బంతా ఈ పాఠానికే పోతుందనుకుంటారు. నేను చూసినంతవరకు, ఎక్కువ ఖర్చు దుబాసీకి, పిల్లల్ని చూసుకునే మనిషికి, బస్సు పాసులకి, మధ్యాహ్నం దాల్‌భాత్‌కి. అవి లేకపోతే ఎవరూ రారు, రాలేరు. నా దృష్టిలో అసలు పని కూడా భోజనాల దగ్గరే జరిగేది. అద్దె నోటీసు, కరెంటు బిల్లు, స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం, అన్నీ అప్పుడే సంచుల్లోంచి బయటికి వచ్చేవి.

ఈ నిధుల మీద విమర్శలున్నాయి, వాటిలో నిజం ఉంది. తక్కువ ఆదాయం ఉన్న అమెరికన్ జంటల మీద చేసిన పెద్ద అధ్యయనాల్లో ఫలితాలు కొద్దిగానే కనిపించాయి. పెళ్ళైన జంటలతో చేసినదాంట్లో మాటామంతీ కాస్త మెరుగైంది, విడిపోయేవాళ్ళు మాత్రం తగ్గలేదు. నాకు అది ఆశ్చర్యం కాదు. అద్దె కట్టలేని ఇంట్లో పాఠం ఒక్కటే ఏం చేస్తుంది? ఇంకొకటి, కొట్టే మొగుడితో సర్దుకుపొమ్మని చెప్పడానికి ఒక్క డాలరు కూడా ఖర్చుపెట్టకూడదు. 2006 చట్టంలోనే గృహహింస నిపుణులను సంప్రదించాలనీ, పాల్గొనడం పూర్తిగా ఇష్టప్రకారమే ఉండాలనీ షరతు పెట్టారు. మా దగ్గర ఆడవాళ్ళని విడిగా కూర్చోబెట్టడానికి అది కూడా ఒక కారణం.

నేను హెచ్‌-4 వీసా మీద వచ్చినదాన్ని. ఉద్యోగం చేసే హక్కు లేక, ప్రతి కాఫీకీ మా ఆయన్ని డబ్బు అడగాల్సిన రోజులు నాకు తెలుసు. చదువు, భాష, బంధువులు అన్నీ ఉన్న మాకే అప్పుడు ఎన్నో గొడవలు. వీళ్ళకి ఆ ఆసరాలేవీ లేవు.

ఇప్పుడు పరిస్థితి ఇంకా దిగజారింది. 2025 జనవరి 20న శరణార్థుల రాకనే ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. కొత్తగా వచ్చినవాళ్ళకిచ్చే నగదు సాయం పన్నెండు నెలలు ఉండేది, 2025 మే 5 నుంచి అర్హులయ్యేవాళ్ళకి దాన్ని నాలుగు నెలలు చేశారు. ఇంగ్లీషు నేర్చుకునేలోపే ఏ షిఫ్టు దొరికితే ఆ షిఫ్టులో చేరాలి. ఆ కారు తాళాల అయిదు నిమిషాలు కూడా మిగలవు. మా తరగతికి వచ్చే గ్రాంటు ఆగిపోయింది. గుడి హాలు ఉచితంగా ఇచ్చారు, వంట వాళ్ళే చేసుకుంటున్నారు, పిల్లల్ని మా అమ్మాయి, దాని స్నేహితురాళ్ళు చూసుకుంటున్నారు. నేపాలీ దుబాసీ మాత్రం దొరకలేదు. నా హిందీ పెద్దవాళ్ళకి చాలడం లేదు.

కొలంబస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళని అడిగేది రెండే. శనివారం పొద్దున కారు తీసి ఒక కుటుంబాన్ని తీసుకొచ్చి దింపండి. ఓటు హక్కు ఉన్నవాళ్ళు మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి, ఆరోగ్య శాఖ బడ్జెట్‌లో శరణార్థుల సాయం పద్దు తగ్గించొద్దని చెప్పండి. పేరు, జిప్ కోడ్ అడుగుతారు, అంతే.