కాలనీల సాహిత్యం: తేదీలు బట్టీ పట్టి నేను దెబ్బతిన్న చోటు

యూజీసీ నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) ఇంగ్లిష్‌కి మొదటిసారి కూర్చున్నప్పుడు నా లెక్కలో అమెరికన్ సాహిత్యం 19వ శతాబ్దపు నవలాకారుడు హాథార్న్‌తో మొదలయ్యేది. అంతకు ముందుదంతా, ముఖ్యంగా అమెరికా ఇంగ్లండు కాలనీలుగా ఉన్నప్పటి రాతలు, నోట్సులో ఒకటిన్నర పేజీ: రచయిత, పుస్తకం, సంవత్సరం. నెగెటివ్ మార్కుల్లేవు కదా, ఏదో ఒకటి పెట్టేద్దాం అనుకున్నాను. కాలక్రమం ప్రశ్నల్లో వరస తప్పింది. అసర్షన్-రీజన్ (ఒక వాక్యం, దానికి చెప్పిన కారణం సరైనవేనా అని అడిగే ప్రశ్నలు) దగ్గరైతే చేతులెత్తేశాను.

రెండోసారి గైడు పక్కన పెట్టి మూలాలే చదివాను. భయపడకండి, చాలావరకు చిన్నవే. పాత స్పెల్లింగు రెండు రోజులు విసిగిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

చదువుతుంటే ఒక్క సంగతి పట్టుబడింది. ప్యూరిటన్లకి, అంటే ఇంగ్లండు నుంచి వలసొచ్చిన ఆ కఠిన నిష్ఠ గల క్రైస్తవులకి, యాదృచ్ఛికం అనేది లేదు. ఏం జరిగినా అందులో దేవుడు ఏం చెబుతున్నాడా అని వెతుకుతారు. 1620లో మేఫ్లవర్ ఓడలో జబ్బుపడ్డ ప్రయాణికుల్ని ఒక నావికుడు రోజూ తిట్టిపోస్తుంటాడు. చివరికి వాడే అందరికంటే ముందు రోగమొచ్చి చచ్చిపోతాడు. అదే ఓడలో వచ్చి ప్లిమత్ కాలనీకి గవర్నరైన బ్రాడ్‌ఫర్డ్ తన చరిత్రలో దీన్ని దైవనిర్ణయంగా రాస్తాడు. మరి ఆ మొదటి చలికాలంలోనే 102 మందిలో సగం మంది దాకా పోయారే? అక్కడ కూడా ఆయన విశ్వాసం చెక్కుచెదరదు.

తన బందీ అనుభవాన్ని పుస్తకంగా రాసిన మేరీ రోలండ్‌సన్ ఇంకా విచిత్రం. 1676లో ఆదివాసుల చేతికి చిక్కి 11 వారాలు వాళ్ల వెంట తిరిగింది. పిల్లాజెల్లాతో వాళ్లు దాటేసిన నదిని ఇంగ్లిష్ సైన్యం దాటలేకపోతే, మమ్మల్ని దండించడానికి దేవుడే వాళ్లను కాపాడుతున్నాడంటుంది. పేజీ పేజీకీ వాళ్లను తిడుతూనే ఉంటుంది. అదే మనిషి ఆదివాసుల నాయకుడు మెటాకమ్ కొడుక్కి చొక్కా కుట్టి షిల్లింగు సంపాదిస్తుంది, దాంతో గుర్రం మాంసం కొనుక్కుంటుంది. ఆదివాసుల పట్ల దృక్పథం అని ప్రశ్న వస్తే ఈ రెండు ముఖాలూ గుర్తుండాలి.

ఇక కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్. 1666 జులై 10న ఆమె ఇల్లు కాలిపోయింది, దాని మీద కవిత రాసింది. ఇచ్చినవాడే తీసుకున్నాడు, ఆయన నామానికి స్తుతి అంటుంది. వెంటనే ఇక్కడ పెట్టె ఉండేది, అక్కడ భోషాణం ఉండేది అంటూ బూడిదలో వెతుక్కుంటుంది. మా పాడిగేదె పోయినప్పుడు నాయనమ్మ కూడా ‘ఇచ్చినోడే పట్టుకుపోయాడు’ అనేసి, నెల్లాళ్లు ఆ గుంజ వైపే చూస్తూ కూర్చుంది. ఆ కవిత నాకు మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

మసాచుసెట్స్ కాలనీ గవర్నర్ విన్‌త్రాప్ ప్రసంగంలోని ‘కొండ మీది పట్టణం’ అన్న మాట గొప్పలు చెప్పుకోవడం అనుకుని నేను తప్పు పెట్టాను. నిజానికది హెచ్చరిక: లోకం కళ్లన్నీ మన మీదే ఉన్నాయి, మాట తప్పామా నవ్వులపాలవుతాం అని. ఈ భక్తులంటే గిట్టని థామస్ మోర్టన్‌ని కూడా వదలొద్దు. మేపోల్ (పండగ స్తంభం) పాతి, దాని చుట్టూ ఆటపాటలు పెట్టి, 1637 పుస్తకంలో వాళ్లను వెక్కిరించాడు.

తేదీలకు మాత్రం రెండు గడులు పెట్టుకోండి: రాసింది, అచ్చయింది. విన్‌త్రాప్ ప్రసంగం 1630 నాటిది, అచ్చు 1838లో. బ్రాడ్‌ఫర్డ్ చరిత్ర 1630లో మొదలైంది, పూర్తిగా అచ్చయింది 1856లో. ప్యూరిటన్ కవి ఎడ్వర్డ్ టేలర్ 1729లో పోయాడు, కవితల రాతప్రతి 1937 దాకా యేల్ లైబ్రరీలో ఎవరి కంటా పడలేదు. బ్రాడ్‌స్ట్రీట్ కవితలేమో 1650లోనే లండన్‌లో అచ్చయ్యాయి, అదీ ఆమెకు చెప్పకుండా చెల్లెలి భర్త వేయించినవి. ప్రశ్నలో ‘ప్రచురణ’ అన్న మాట ఉందో లేదో చూసుకున్నాకే వరస పెట్టండి. నాకు మొదటిసారి పోయిన మార్కులు అక్కడివే.