పద్నాలుగో రోజు లెక్క

"పద్నాలుగో రోజు దాటిపోయింది కదక్కా, ఇంక గర్భం వస్తుందన్న భయమేముంది?" అని మా చెల్లెలు అడిగినప్పుడు, వంటింటి గోడకున్న క్యాలెండరు తీసి, తాను పెన్సిలుతో సున్నాలు చుట్టుకున్న తేదీలను ఇద్దరమూ లెక్కపెట్టాము. గడచిన ఆరు నెలల్లో తన ఋతుచక్రం ఒకసారి 26 రోజులకు, మరోసారి 34 రోజులకు వచ్చింది.

అండం విడుదలయ్యేది నెలసరి మొదలైన పద్నాలుగో రోజున కాదు, రాబోయే నెలసరికి సుమారు పద్నాలుగు రోజుల ముందు. అంటే 26 రోజుల చక్రంలో పన్నెండో రోజు ప్రాంతంలో, 34 రోజుల చక్రంలో ఇరవయ్యో రోజు ప్రాంతంలో. అండం ఒక్క రోజుకు మించి నిలవకపోయినా, శుక్రకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు బతికి ఉండగలవు కాబట్టి, అండం రాకముందటి కలయికే ఎక్కువగా గర్భానికి దారి తీస్తుంది. పాత క్యాలెండరు పద్ధతిలో అతి చిన్న చక్రం నుంచి 18, అతి పెద్ద చక్రం నుంచి 11 తీసివేస్తారు. ఆ ప్రకారం తనకు ఎనిమిదో రోజు నుంచి ఇరవై మూడో రోజు వరకు అవకాశమున్నట్లే. నెలలో సగం! ఇంత వెడల్పైన లెక్కను నమ్ముకోవడం కన్నా కండోమ్ మేలని నా అభిప్రాయం.

తాను అడిగింది పదిహేడో రోజున జరిగిన కలయిక గురించి. లెవోనోర్‌జెస్ట్రెల్ అనే అత్యవసర గర్భనిరోధక మాత్రను కలయిక తర్వాత 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిదని చెప్పగానే, చెల్లెలు చెప్పులేసుకుని మందుల షాపుకు బయలుదేరింది.