లోపల ఏముందని అడిగిన పాపానికి

పాపను ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది. పక్కన పడుకుని మూలుగుతోంది, నేను ఫోన్‌లో ఇది కొడుతున్నాను. కోపం చల్లారకముందే రాయాలి. లేకపోతే నేను కూడా "పోనీలే, అంతా మంచే జరిగింది కదా" అని వదిలేస్తాను.

నాది హన్మకొండలో అల్యూమినియం కిటికీలు, తలుపులు చేసే చిన్న షాపు. మా ఆవిడకు 21 ఏళ్లు, మొదటి కాన్పు. అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చేయిస్తే, బిడ్డ కడుపు గోడకు చీలిక ఉందని, పేగులు బయట ఉమ్మనీటిలో తేలుతున్నాయని రాశారు. మా గైనిక్ మేడం చదివి వెంటనే హైదరాబాద్‌లో ఫీటల్ మెడిసిన్ డాక్టర్‌కు, అంటే కడుపులో ఉన్న బిడ్డను చూసే డాక్టర్‌కు, రాసిచ్చింది. ఒక్క రోజు కూడా వృథా చేయలేదు, ఆమెకు దండం పెట్టాలి.

ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ. గ్రహణం నాడు కోడలు కత్తిపీట ముట్టిందా అని మా అమ్మ ఆరా. పరకాల నుంచి వచ్చిన పెద్దబాపు "ఎందుకురా తిప్పలు, తీసేయించుకోండ్రి, వయసున్నది" అన్నాడు. మా ఆవిడ అన్నం తినకుండానే పడుకుంది.

హైదరాబాద్ డాక్టరమ్మ తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. బొడ్డుతాడు దాని చోటులోనే ఉంది, దానికి కుడిపక్కన చీలిక, పేగుల మీద పొర లేదు. దీన్ని గ్యాస్ట్రోస్కైసిస్ అంటారట. పేగుల మీద పొర కప్పి, బొడ్డుతాడు ఆ పొర మీదికే వస్తే అది ఆంఫలోసీల్. అందులో గుండె లోపాలు, క్రోమోజోముల తేడాలు ఎక్కువగా ఉంటాయట. మాది అది కాదు. చిన్న వయసు తల్లుల్లో ఇది ఎక్కువ కనిపిస్తుందని, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని మా అమ్మ మొహం చూసి మరీ చెప్పింది. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంకా ముఖ్యమైన సంగతి ఆ తర్వాత చెప్పింది. చీలిక కనిపెట్టడంతో స్కాన్ పని అయిపోదు. పుట్టాక ఆ పేగు ఎంత ఇబ్బంది పెడుతుందో ముందే అంచనా వేయడానికి మళ్లీ మళ్లీ చూడాలి. బిడ్డ కడుపు లోపల మిగిలిన పేగు ఉబ్బుతోందా, జీర్ణాశయం పెద్దదైందా, ఉమ్మనీరు పెరిగిందా, ఎదుగుదల, డాప్లర్ (బిడ్డకు రక్తం పారే తీరు) ఎలా ఉన్నాయి, ఇవన్నీ. లోపలి పేగు స్కాన్ స్కాన్‌కూ ఉబ్బుతూ పోతే ఎక్కడో మూసుకుపోయి ఉండొచ్చు, దాన్ని అట్రీషియా అంటారు. బయటి పేగు ఉమ్మనీటిలో నాని ఎలాగూ కొంత ఉబ్బుతుంది, దాన్ని బట్టి అంతగా తేల్చలేం. ఇవన్నీ షాపు కొలతల నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. తర్వాత రెండు స్కాన్లు అక్కడే, ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

30 వారాల స్కాన్ దగ్గరే దెబ్బ తిన్నాను. ఆవిడకు నడుము నొప్పి, రైలు ప్రయాణం వద్దని ఇక్కడే ఒక సెంటర్‌లో చేయించాను. పేరు రాయను. రిపోర్టులో ఒకటే లైను: పేగులు ఉబ్బాయి, 14 ఎంఎం. లోపలి పేగా, బయటి పేగా? రాయలేదు. కింద "ఎదుగుదల తక్కువ" అని ఇంకో లైను.

నేను రోజంతా బతికేదే మిల్లీమీటర్లతో. ఎక్కడి నుంచి ఎక్కడికో రాయకుండా ఉత్త 14 అని రాసుకొస్తే, మా షాపు పిల్లవాణ్ని మళ్లీ టేపు ఇచ్చి వెనక్కి పంపుతాను. అదే ధైర్యంతో కౌంటర్ దగ్గరికి పోయాను.

"మేడం, ఇది లోపలిదా, బయటిదా? లోపల ఏమున్నదో సార్‌ను ఒక్క మాట అడిగి చెప్పండి" అన్నాను.

అంతే. ఆమె కుర్చీలోంచి లేచింది. "గోడ మీద బోర్డు కనబడతలేదా? ఇంత చదువుకున్నట్టు కనిపిస్తున్నరు, లోపల ఏమున్నదని అడుగుతరా? పోలీసులకు ఫోన్ చెయ్యాల్నా?"

హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. టీవీ చూస్తున్నవాళ్లు కూడా నన్నే చూశారు. నేను "పేగు మేడం, పేగు గురించి" అంటున్నాను, నా గొంతు నాకే వినిపించలేదు. పక్క కుర్చీలో ఒక ముసలవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఏదైతేంది కొడుకా, ఆడపిల్లయితే లక్ష్మి వచ్చినట్టే" అంది. పాపం మంచి మనసుతోనే అంది. కౌంటర్ ఆమె అరుపు కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. కడుపులో బిడ్డ బతుకుతుందా లేదా అని మేము చస్తుంటే, ఆడపిల్లయితే వద్దనుకునే మొగుడిగా నన్ను ముప్పై మంది ముందు నిలబెట్టారు.

సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిదిన్నర దాకా అక్కడే ఉన్నాను. చివరికి డాక్టర్ బయటికొచ్చి, నడుస్తూనే "రిపోర్టు ఇచ్చాం కదా, మీ డాక్టర్‌నే అడగండి" అని కారెక్కాడు. బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమంటే కుదరదన్నారు.

న్యాయంగా ఒక మాట. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదనే 1994 చట్టం ఊరికే రాలేదు, ఆడపిండాలను చంపుకున్న దేశం మనది. సెంటర్ల వాళ్లకు భయం ఉండాల్సిందే. కానీ బిడ్డలో లోపాలు కనిపెట్టడానికి స్కాన్ చేయొచ్చని చెప్పేదీ ఆ చట్టమే. లోపం సంగతి అడిగితే నోరు మూయించడానికి ఆ బోర్డును వాడుకోవడం ఏం పద్ధతి? తర్వాత మా కస్టమర్ ఒక లాయర్ సార్ చెప్పాడు, అడిగిన 72 గంటల్లో పేషెంట్ రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉందని. ముందే తెలిస్తే నోటితో కాదు, కాగితం మీద రాసి అడిగేవాణ్ని. మీరు అలాగే అడగండి, తీసుకున్నట్టు సంతకం కూడా పెట్టించుకోండి.

రెండు రాత్రులు 14 అనే అంకె తలలో తిరిగింది. మూడో రోజు కాజీపేటలో పొద్దున రైలెక్కాం. డాక్టరమ్మ ముప్పావు గంట చూసింది. 14 బయటి పేగుది. లోపలిది 7. జీర్ణాశయం, ఉమ్మనీరు మామూలే. పేగులు బయట ఉంటే కడుపు చుట్టుకొలత తక్కువ వస్తుంది, ఆ కొలతతో లెక్క కడితే బరువూ తక్కువే చూపిస్తుంది, డాప్లర్ బాగుంది అంది. ఒక్క మాట రాయనందుకు మాకు రెండు రాత్రుల నిద్ర పోయింది.

అయితే 34 వారాలకు లోపలిది నిజంగానే 11 అయింది. అప్పుడు ఆమె దాచలేదు. "కొందరు 10 దాటితే అంటారు, కొందరు 14 అంటారు, 18 అనేవాళ్లూ ఉన్నారు. అందరూ ఒప్పుకున్న గీత లేదు. కానీ పెరుగుతోంది కాబట్టి అట్రీషియా ఉండొచ్చనుకుని సిద్ధంగా ఉందాం" అంది. ఆ వారమే పిల్లల సర్జన్‌ను కలిపించింది. ఆయన చేతులతో చూపిస్తూ రెండు దారులూ చెప్పాడు: మూసుకుపోకపోతే ఇలా, మూసుకుపోతే ఇంకో ఆపరేషన్, ఇంకా ఎక్కువ రోజులు. నేను దవాఖాన దగ్గర్లో నెలన్నరకు గది మాట్లాడుకున్నాను, రెండు పెద్ద ఆర్డర్ల అడ్వాన్సులు ఖర్చు పెట్టకుండా పక్కన పెట్టాను. ఇందులో మాత్రం నన్ను నేను మెచ్చుకుంటాను.

37 వారాలకు నొప్పులు తెప్పించి నార్మల్ డెలివరీ చేశారు. ఈ లోపం ఒక్కటే అయితే సిజేరియన్ అక్కర్లేదట. ముహూర్తం పెట్టించి కోయిద్దామన్న చుట్టాలకు సమాధానం కూడా చెప్పలేదు. పాప 2 కిలోల 150 గ్రాములు. పుట్టగానే పేగులను శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కుడిపక్కకు పడుకోబెట్టి తీసుకుపోయారు. సైలో అనే సంచి పైకి వేలాడదీసి రోజూ కొంచెం కొంచెం లోపలికి దింపారు, అయిదో రోజు కడుపు మూశారు. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా నరంలోకే ఆహారం. 20వ రోజు మొదటిసారి తల్లిపాలు, 2 ఎంఎల్. 38వ రోజు డిశ్చార్జి.

అట్రీషియా లేదు. పేగు మందంగా, అంటుకుపోయి ఉంది, అందుకే అంత నెమ్మదిగా కదిలింది. "మరి స్కాన్ తప్పు చెప్పినట్టే కదా" అంటున్నాడు పెద్దబాపు. తప్పు చెప్పలేదు, ఉండొచ్చని చెప్పింది. ఆ రెండింటికీ తేడా ఆయనకు చెప్పలేక వదిలేశాను. లోపల ఏముందో చూడను కూడా చూడకుండా తీసేయించుకోమన్నది ఆయనే కదా.

ఆ సెంటర్‌కు నిన్న రికార్డుల కోసం లెటర్ ఇచ్చొచ్చాను. కౌంటర్‌లో ఆమే ఉంది, నన్ను గుర్తుపట్టలేదు. స్టాంపు వేసి ఇచ్చింది. రేపటికి 48 గంటలు. పాప లేచింది, పాల టైమైంది.